అపాచీలో ఆరుగురికి చోటు

సంపాదకులకు,

నమస్కారం.

హైదరాబాద్ శివార్లలోని ఆదిభట్లలో అపాచీ యుద్ధ హెలికాప్టర్ల బాడీలు తయారవుతున్న సంగతిపై ఇటీవల మీ పత్రికలో వచ్చిన కథనాన్ని, దానితోపాటు అచ్చువేసిన ఫొటోను చూశాను. టాటా, బోయింగ్ సంస్థలు కలిసి పెట్టిన ఆ కర్మాగారం 2018లో మొదలైందని, మన వాయుసేన కొన్న 22 అపాచీలలో తొలి విడత 2019 సెప్టెంబరులో పఠాన్‌కోట్‌లో చేరిందని నాకు ఇంతకుముందే తెలుసు. అయితే ఫొటోలోని ఆ మొండేన్ని, పైన రెక్కలు లేకపోయినా, తోక బిగించకపోయినా, చూసిన క్షణంలోనే గుర్తుపట్టడానికి కారణం ఆ వార్తలు కావు. ముందు సీటులో ఒకరు, వెనక కాస్త ఎత్తులో ఇంకొకరు కూర్చునే ఆ రెండు మెట్ల కాక్‌పిట్ నాకు పన్నెండో ఏటి నుంచి పరిచయం. రాజంపేటలో మా ఇంటి నడవలో, టీవీకి తగిలించి ఆడే సేగా మెగా డ్రైవ్ అనే వీడియో గేమ్ పెట్టె మీద, ‘డెజర్ట్ స్ట్రైక్’ అనే ఆటలో దాన్ని రెండు వేసవులపాటు నేను నడిపాను. ఆ జ్ఞాపకాన్ని, దానితో ముడిపడిన ఒక విన్నపాన్ని మీ ముందు పెట్టడానికే ఈ ఉత్తరం. కొంచెం పొడవైతే మన్నించగలరు.

మా నాయన కువైట్‌లో నీళ్ల ట్యాంకరు డ్రైవరు. మా ప్రాంతంలో ఇంటికొకరు కాకపోయినా వీధికి నలుగురు కువైట్‌లో ఉన్న కాలమది. 1994 ఎండాకాలంలో సెలవు మీద వచ్చినప్పుడు ఆయన పెట్టెలో రెండు దుప్పట్లు, పాలపొడి డబ్బాలు, అత్తర్లు, టైగర్ బామ్ సీసాలతోపాటు పాత తువాలులో చుట్టిన ఒక నల్ల పెట్టె ఉంది. దేశానికి తిరిగి వెళ్లిపోతున్న ఎవరో తన పిల్లలు వాడినదాన్ని తక్కువ ధరకు ఇచ్చి వెళ్లారట. దాని ప్లగ్గుకు మూడు చదరపు కాళ్లు ఉండేవి. అవి మన గోడ సాకెట్లో పట్టవు గనుక మా వీధి ఎలక్ట్రీషియన్ వచ్చి మధ్యలో ఒక చెక్కముక్క మీద కనెక్షన్ బిగించి ఇచ్చేదాకా, రెండు రోజులపాటు నేనూ మా చెల్లెలూ ఆ పెట్టె చుట్టూ తిరుగుతూనే గడిపాం. టీవీ వెనక యాంటెన్నా తీగ పీకి దీని తీగ గుచ్చి, చానల్ మీట తిప్పుతూ తిప్పుతూ ఉంటే, చీమలు చీమలుగా ఉన్న తెర ఒక్కసారిగా ఇసుక రంగుకు మారింది. ఇంట్లో అందరం ఒకేసారి అరిచాం.

ఆట తెలియని పాఠకుల కోసం దాని తీరు కొంత చెప్పాలి. ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ సంస్థ దీన్ని 1992లో విడుదల చేసింది. రూపకర్త మైక్ పోసెన్. ‘గల్ఫ్‌కు పునరాగమనం’ అన్న అర్థం వచ్చే ఉపశీర్షిక దానికి ఉండేది. అసలు గల్ఫ్ యుద్ధం ముగిసి అప్పటికి ఏడాది మాత్రమే అయింది. కిల్‌బాబా అనే సైన్యాధిపతి ఒక గల్ఫ్ దేశాన్ని ఆక్రమిస్తాడు. ఒకే ఒక్క అపాచీతో అతన్ని ఎదుర్కోవాలి. నాలుగు అంచెలు. తెర మీద ఎడారి మొత్తం పై నుంచి, కొంచెం ఏటవాలుగా కనిపిస్తుంది. మెగా డ్రైవ్ కంట్రోలర్ మీదున్న మూడు బొత్తాలకు మూడు ఆయుధాలు: ముక్కు కింద మరతుపాకీకి 1178 గుండ్లు, హైడ్రా రాకెట్లు 38, హెల్‌ఫైర్ క్షిపణులు 8. అంతే. అవి అయిపోతే ఎడారిలో ఎక్కడో పడి ఉన్న మందుగుండు పెట్టెను వెతుక్కుని, దాని మీద నిలిచి, కొక్కెంతో పైకి లాక్కోవాలి. అన్నిటికన్నా ముఖ్యమైనది ఇంధనం. వందతో మొదలై, మనం ఏమీ చేయకుండా గాలిలో నిలబడినా, ఒక్కో అంకె తగ్గుతూనే ఉంటుంది. సున్నాకు చేరితే ఎంత గొప్ప యోధుడైనా హెలికాప్టర్‌తో సహా ఇసుకలో కూలవలసిందే.

ఈ పొదుపే ఆ ఆటను మిగిలిన కాల్పుల ఆటల నుంచి వేరు చేసిందని నేను ఇప్పటికీ అనుకుంటాను. అప్పట్లో మా ఊళ్లో గంటకు ఇంతని అద్దెకు ఆడించే వీడియో గేమ్ దుకాణంలో తుపాకీ బొత్తాన్ని అదిమిపట్టి ముందుకు పరుగెత్తితే చాలు, గుండ్లకు కొదవ ఉండేది కాదు. ఇక్కడ అలా కుదరదు. ఒక గుండు వదిలేముందు అది అవసరమా అని, ఒక దిక్కుకు వెళ్లేముందు తిరిగి రాగలమా అని ఆలోచించాలి. పైగా ఈ హెలికాప్టర్‌కు బరువు ఉండేది. మలుపు తిప్పితే వెంటనే తిరగదు, ఒక పక్కకు ఒరిగి, జారి, అప్పుడు తిరుగుతుంది. ఆపాలనుకున్న చోటు దాటిపోయాక ఆగుతుంది. పన్నెండేళ్ల పిల్లవాడి బొటనవేలికి ఆ జారుడు అలవాటు కావడానికి వారం పట్టింది. ఆ వారంలో నేను కాల్చి పేల్చినవాటిలో శత్రువుల ట్యాంకులకన్నా నాకు దక్కవలసిన ఇంధనపు డ్రమ్ములే ఎక్కువ. ఆ డ్రమ్ములు గుండు తగిలితే పేలిపోతాయి. మళ్లీ మొలవవు.

మేం పని పంచుకున్నాం. హెలికాప్టర్ నాది, పటం మా చెల్లెలిది. స్టార్ట్ బొత్తం నొక్కితే ఆట ఆగి పటం వస్తుంది. అందులో డ్రమ్ములు, రాడార్లు, తప్పిపోయిన మన మనుషులు ఎక్కడున్నారో కనిపిస్తుంది. దాన్ని ఆమె ఒక్కసారి చూసి గుర్తుపెట్టుకునేది. “అన్నా, ముప్పై ఉంది. కింది పక్కకు పో, కొండ దాటితే డ్రమ్ము ఉంది” అని చెప్పేది. నేను ఇంకొక్క ట్యాంకును కొట్టి వస్తానంటే ఒప్పుకునేది కాదు. ఆమె మాట విననిరోజు తప్పకుండా కూలేవాళ్లం. ఒక అంచె దాటాక ఆట కొన్ని ఇంగ్లిషు అక్షరాల సంకేతం ఇస్తుంది, మర్నాడు దాన్ని ఎక్కిస్తే అక్కడి నుంచే మొదలుపెట్టవచ్చు. మధ్యాహ్నం కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని ఊళ్లో ఆ సంకేతాలు మాకు ప్రాణాధారం. వాటిని సోషల్ నోట్సు చివరి పేజీలో రాసుకునేవాళ్లం. ఒకసారి హడావుడిలో నేను ‘క్యూ’ అక్షరానికి తోక పెట్టడం మరిచి ‘ఓ’గా రాశాను. మూడు రోజులపాటు ఆ సంకేతం పనిచేయక, రెండో అంచె మళ్లీ మొదటి నుంచి ఆడవలసి వచ్చింది. నాలుగో రోజు ఆ తోకను కనిపెట్టింది కూడా మా చెల్లెలే. ఆ నోట్సు ఇప్పటికీ ఆమె దగ్గరే ఉంది.

మా నాయన ఆ ఆటను మొదట్లో మంచం మీద పడుకుని, మామూలుగా చూసేవాడు. ఒకరోజు ఇంధనం పదిహేనుకు వచ్చినా నేను డ్రమ్ము వైపు వెళ్లకపోవడం చూసి లేచి కూర్చున్నాడు. “సగం ఉన్నప్పుడే చూసుకోవాలరా. మీటరు కిందికి పడినాక ఎతుక్కుంటే ఎడారిలో ఎవుడొస్తాడు?” అన్నాడు. ఏళ్ల తరబడి ఇసుక దారుల్లో ట్యాంకరు నడిపిన మనిషి మాట అది. ఆ రోజు నుంచి నేను యాభైకి రాగానే తిరిగేవాణ్ని. మా ఆట మెరుగుపడింది అందువల్లేనని చెప్పడానికి నాకు సంకోచం లేదు.

ఇంకొక సంఘటన ఉంది. దాన్ని అర్థం చేసుకోవడానికి నాకు ఇరవై ఏళ్లకు పైగా పట్టింది. ఒక తెల్లవారుజామున, కరెంటు ఉందని, అందరూ లేవకముందే మేమిద్దరం ఆట పెట్టాం. నిశ్శబ్దంగా ఉన్న ఇంట్లో హెలికాప్టర్ రెక్కల చప్పుడు పెద్దగా వినిపించింది. మా నాయన నిద్రలోంచి దిగ్గున లేచాడు. ఒక్క క్షణం ఎక్కడున్నాడో తెలియనివాడిలా మమ్మల్ని చూసి, “సౌండు తగ్గియ్యిరా” అన్నాడు. కోప్పడలేదు. చొక్కా కూడా వేసుకోకుండా వసారాలోకి వెళ్లి, తెల్లారేదాకా అక్కడే కూర్చున్నాడు. మా అమ్మ వచ్చి టీవీ కట్టేసింది. మేం ఏదో తప్పు చేశామని మాత్రమే మాకు అర్థమైంది.

1990 ఆగస్టు 2న తెల్లవారుతుండగా ఇరాక్ సేనలు కువైట్‌లోకి వచ్చినప్పుడు మా నాయన ఫర్వానియాలో ఎనిమిది మంది ఉండే ఒక గదిలో నిద్రపోతున్నాడు. ఆయనను లేపింది హెలికాప్టర్ల చప్పుడు. ఆ సంగతి ఆయన మాకు చెప్పింది 2018లో, ఆదిభట్ల నుంచి మొదటి అపాచీ బాడీ బయటికి వెళ్లిందన్న వార్తను నేను పైకి చదివి వినిపించిన రోజున. ఆ తర్వాత మిగిలినది కొంచెం కొంచెంగా చెప్పాడు. ట్యాంకరును సైనికులు తీసుకుపోయారు. యజమాని దేశం దాటిపోయాడు. కువైట్ దినారు విలువను ఇరాక్ దినారుతో సమానం చేయడంతో దాచుకున్న జీతం చిత్తుకాగితమైంది. సెప్టెంబరులో బస్సులో బస్రా, బాగ్దాద్ మీదుగా జోర్డాన్ సరిహద్దుకు చేరి, అక్కడ గుడారాల్లో తొమ్మిది రోజులు ఉన్నాడు. పగలు ఎండ, రాత్రి చలి, నీళ్లకు వరుస. కువైట్ అంతటికీ నీళ్లు మోసిన మనిషి అక్కడ ఒక సీసా నీళ్ల కోసం నిలబడ్డాడు. గుడారంలో పక్కన పడుకున్న నర్సాపురం మనిషి, ఈయనకు జ్వరం వచ్చిన రెండు రోజులూ తన వాటా నీళ్లు కూడా ఇచ్చాడట. అమ్మాన్‌లో విమానం ఎక్కి బొంబాయిలో దిగి, మద్రాసు రైలు పట్టుకుని రాజంపేట స్టేషన్లో దిగినప్పుడు ఆయన చేతిలో ఒక ప్లాస్టిక్ సంచి ఉంది. నాకు ఎనిమిదేళ్లు. ఆ సంచి బాగా గుర్తుంది.

ఇప్పుడు ఆటలోకి మళ్లీ వస్తాను. మొదటి అంచెలో అపాచీ చేయవలసిన మొదటి పని శత్రువుల రాడార్లను ధ్వంసం చేయడం. ఇది కల్పన కాదు. 1991 జనవరి 17 తెల్లవారకముందే గల్ఫ్ యుద్ధంలో మొదటి దెబ్బ కొట్టింది ఎనిమిది అపాచీలు. ఇరాక్ లోపలికి చొరబడి రెండు రాడార్ కేంద్రాలను హెల్‌ఫైర్లతో కూల్చాయి. రెండో అంచెలోని స్కడ్ క్షిపణులూ నిజమే. ఇన్ని నిజాల మధ్య ఆట తయారుచేసినవారు ఒక పెద్ద అబద్ధం చెప్పారు. అసలు అపాచీలో ఇద్దరికి తప్ప మూడో మనిషికి చోటు లేదు. దానికి మనుషుల్ని పైకి లాగే కొక్కెమూ లేదు, కూర్చోబెట్టే గదీ లేదు. ఆటలో మాత్రం ఆరుగురిని ఎక్కించుకోవచ్చు. తప్పిపోయిన సైనికుల్ని, బందీల్ని ఇసుకలోంచి పైకి లాగి, దిగుడు స్థలానికి తీసుకువెళ్లి దించితే, హెలికాప్టర్ కవచం బాగుపడుతుంది కూడా. మనిషిని కాపాడితేనే మనం నిలబడగలిగే ఏర్పాటు అది.

పెద్దయ్యాక దాని పూర్వీకుణ్ని కూడా తెలుసుకున్నాను. 1982లో డాన్ గార్లిన్ అనే ఆయన యాపిల్ 2 కంప్యూటర్ కోసం ‘చాప్‌లిఫ్టర్’ అనే ఆట తయారుచేశాడు. అందులో 64 మంది బందీలు ఉంటారు. ఒక్కో విడతకు పదహారు మందిని తీసుకురావచ్చు. ఎంతమంది శత్రువుల్ని చంపామన్నది లెక్కే కాదు, ఎంతమంది బతికి ఇల్లు చేరారన్నదే లెక్క. తొందరపడి మనుషుల మీదే దిగితే వాళ్లు చనిపోతారు. ఆట అయిపోయాక ‘గేమ్ ఓవర్’ అని కాకుండా, సినిమా చివర వేసినట్టు ‘ది ఎండ్’ అని పడుతుంది. ‘డెజర్ట్ స్ట్రైక్’లోని కొక్కేనికి మూలం ఆ ఆటలోనే కనిపిస్తుందని నా అభిప్రాయం. దీని తర్వాత 1993లో ‘జంగిల్ స్ట్రైక్’, 1994లో ‘అర్బన్ స్ట్రైక్’ వచ్చాయి. అవి నాకు అంతగా పట్టలేదు.

యుద్ధపు ఆటలన్నీ పిల్లల మనసు పాడుచేస్తాయని తరచూ వింటుంటాం. ఆ భయం పూర్తిగా నిరాధారమని నేను అనను. కిల్‌బాబా సైనికులు నాకు కేవలం కదిలే చుక్కలు. వాళ్లకూ ఇళ్లున్నాయన్న ఆలోచన ఆట ఇవ్వలేదు. ఊళ్లలోని ఇళ్లను పేలిస్తే కొన్నిసార్లు లోపలి నుంచి మందుగుండు పెట్టె బయటపడుతుంది గనుక, నేను కనిపించిన ప్రతి ఇంటినీ పేల్చేవాణ్ని. ఒకసారి మా నాయన, “ఆ ఇంట్లో ఎవురున్నారో చూసినావా?” అని అడిగాడు. ఆటలో ఎవరూ ఉండరు నాయనా అన్నాను. ఆయన ఇంకేమీ అనలేదు. ఫర్వానియా గదిలో ఎనిమిది మంది కిటికీకి దుప్పటి కట్టుకుని నేల మీద పడుకున్న రోజుల గురించి తెలిశాక, ఆ ప్రశ్నకు నేనిచ్చిన జవాబు గుర్తొచ్చి ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఆ ఆటలో లేనివాళ్లు ఆ ఎనిమిది మందే. రాడార్లున్నాయి, స్కడ్లున్నాయి, రాయబార కార్యాలయాలున్నాయి, చమురు ఉంది. నీళ్ల ట్యాంకరు నడిపినవాళ్లు, ఇళ్లలో వంట చేసినవాళ్లు, ఇటుకలు మోసినవాళ్లు లేరు. ఆ రోజుల్లో కువైట్‌లో ఉన్న భారతీయులు సుమారు 1,70,000 మంది. వాళ్లను తెచ్చింది అపాచీలు కావు. 1990 ఆగస్టు 13 నుంచి అక్టోబరు 11 దాకా, 59 రోజుల్లో, ఎయిర్ ఇండియా ఇండియన్ ఎయిర్‌లైన్స్‌తో కలిసి అమ్మాన్ నుంచి బొంబాయికి 488 సార్లు విమానాలు నడిపి, లక్షా పదకొండు వేల మందికి పైగా మన దేశం చేర్చింది. పౌర విమానాల్లో జరిగిన అతిపెద్ద తరలింపుగా అది గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. మా నాయన కూర్చున్నది వాటిలో ఏదో ఒకదానిలో, కిటికీ పక్కన కాని సీటులో.

ఆరుగురిని మోయగలిగే ఆ అబద్ధపు అపాచీ మీద నాకు ఇంత మమకారం ఎందుకో ఈ అంకెలు చదివాకే తెలిసింది. ఇసుకలో చేయి ఊపుతున్న ఒక చిన్న బొమ్మ మీద హెలికాప్టర్‌ను నిలిపి, అది జారిపోకుండా బొటనవేలు బిగబట్టి, కొక్కెం దిగి ఆ బొమ్మ పైకి వచ్చేదాకా మా చెల్లెలూ నేనూ ఊపిరి ఆపుకునేవాళ్లం. పైకి వచ్చాక ఆమె వేళ్ల మీద లెక్కపెట్టేది. ఆరో వేలు ముడిచాకే ఇంధనం సంగతి అడిగేది. నాలుగో అంచెకు మేం రెండుసార్లు చేరాం, రెండుసార్లూ ముగించలేకపోయాం. కిల్‌బాబా మా చేతిలో ఓడలేదు. అందుకు మాకు ఏనాడూ పెద్దగా దిగులు కలగలేదు. తీసుకురావలసిన మనిషి ఒకడు ఇసుకలో మిగిలిపోయి, కరెంటు పోయిన రోజున మాత్రం మా చెల్లెలు అన్నం తినలేదు.

ఇక నా విన్నపం. ఆదిభట్లలో తయారయ్యే హెలికాప్టర్ గురించి అరపేజీ కేటాయించిన మీ పత్రిక, 1990లో కువైట్ నుంచి తిరిగివచ్చిన తెలుగువారి జ్ఞాపకాల కోసం ఆదివారం సంచికలో కొన్ని వారాలు కేటాయించాలని కోరుతున్నాను. రాజంపేట, రాయచోటి, నర్సాపురం ప్రాంతాల్లో మీ విలేకరులు అడిగితే చెప్పగలిగినవారు ఇంకా ఉన్నారు. కానీ వారిలో చాలామందికి మా నాయనలాగే డెబ్భై దాటింది. అమెరికాలో ఎవరో చేసిన ఆటలో ఆ యుద్ధపు రాడార్లు, క్షిపణులు అంకెలతో సహా భద్రంగా ఉన్నాయి. గుడారంలో తొమ్మిది రోజులు ఎలా గడిచాయో మాత్రం వాళ్ల నోటితో చెబితే తప్ప ఎక్కడా లేదు.

మా నాయన మాట్లాడటానికి ఒప్పుకున్నారు. ఆయన పెట్టిన షరతు ఒక్కటే. తనకు నీళ్లిచ్చిన నర్సాపురం మనిషి పేరు కూడా అచ్చులో రావాలని. అమ్మాన్‌లో ఇద్దరూ వేర్వేరు విమానాలు ఎక్కారు, ఆ తర్వాత ఆచూకీ తెలియదు. ఆ పేరును, ఆయనకు గుర్తున్న ఊరి ఆనవాళ్లను విడిగా ఒక కాగితం మీద రాసి ఈ ఉత్తరంతో జతచేస్తున్నాను.

ఇట్లు,
మీ పాఠకుడు,
హైదరాబాద్